సాయంత్రం ఆరింటి గ్రౌండ్

మా ప్రాంతానికి ఒక ఆటస్థలం కావాలి అని ఎవరు అర్జీ పెట్టినా అందులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "మా పిల్లల్లో ఎంతో ప్రతిభ ఉంది, వసతులు కల్పిస్తే దేశానికి పతకాలు తెస్తారు." రాసేవాళ్లను తప్పుపట్టలేను. అధికారుల మనసు కరిగించడానికి పతకం బాగా పనికొచ్చే మాట. అయినా ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు గుబులుగా ఉంటుంది. గ్రౌండ్ ఉన్నది పతకాల కోసమే అని మనమే ఒప్పుకుంటే, పతకాలు రాని గ్రౌండ్‌ను తీసేయడానికి దారి కూడా మనమే చూపించినట్టవుతుంది. పదేళ్ల తర్వాత ఎవరో వచ్చి "ఇక్కడి నుంచి ఒక్క ప్లేయరన్నా వచ్చాడా? ఈ స్థలంలో కాంప్లెక్స్ కడితే ఆదాయమన్నా వస్తుంది" అంటే ఏం జవాబు చెబుతాం?

నా నమ్మకం వేరు. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న గ్రౌండ్ విలువంతా జీవితంలో ఒక్క కప్పు కూడా గెలవని వాళ్ల దగ్గరే ఉంది. మామూలు రోజు సాయంత్రం ఆరింటికి అక్కడికి ఎవరెవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు అని చూస్తే ఆ గ్రౌండ్ ఎంత పనికొస్తోందో తెలిసిపోతుంది. మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతే.

వీనస్, సెరెనా విలియమ్స్ అక్కచెల్లెళ్లు లాస్ ఏంజెలిస్ పక్కనున్న కాంప్టన్‌లో పబ్లిక్ కోర్టుల మీద టెన్నిస్ నేర్చుకున్న సంగతి అందరికీ తెలిసిందే. పతకాల వాదన చేసేవాళ్లు ఈ ఉదాహరణ చెప్పకుండా ఉండరు. కానీ ఆ కోర్టులు వాళ్లిద్దరి కోసం కట్టినవి కావు. ఎవరొచ్చినా ఆడుకోవచ్చు అని కట్టినవి. సెలెక్షన్ పెట్టి, ఫీజు కట్టించుకుని, ప్రతిభ ఉందని తేలినవాళ్లనే లోపలికి పంపే చోటు అయివుంటే, ఒక తండ్రి ఇద్దరు చిన్నపిల్లలను, బంతులను వెంటబెట్టుకుని తన ఇష్టప్రకారం అక్కడ శిక్షణ ఇచ్చుకోగలిగేవాడే కాదు. అంటే ఛాంపియన్లే కావాలనుకున్నా, ఛాంపియన్ల గురించి ఆలోచించకుండా కట్టిన చోటే వాళ్లకూ దారిచ్చింది.

నేను చాలా ఏళ్లుగా సాయంత్రాలు వాలీబాల్ ఆడుతున్నాను. అక్కడ చూసిన రెండు సంగతులు చెప్పాలి.

మా ఆటకు రిఫరీ ఉండడు. వాలీబాల్‌లో రిఫరీ లేకపోతే పెద్ద తలనొప్పి టచ్‌తోనే. అవతలివాడు కొట్టిన బంతి నెట్ దగ్గర అడ్డుపెట్టిన మన చేతుల్లో, అంటే బ్లాక్‌లో, వేలికొసకు తగిలి బయట పడితే పాయింట్ వాళ్లది, తగలకుండా పడితే మనది. ఆ తగలడం చాలాసార్లు ఎవరికీ కనపడదు, తగిలినవాడికి మాత్రమే తెలుస్తుంది. మా కోర్టులో పాతవాళ్లకు ఒక అలవాటు. తగిలితే అడగకముందే చెయ్యెత్తి "టచ్" అంటారు. మ్యాచ్ పాయింట్ దగ్గరైనా అంటారు. కొత్తగా వచ్చిన కాలేజీ కుర్రాడొకడు మొదట్లో ఎప్పుడూ అనేవాడు కాదు. ఎవరూ వాడికి నీతులు చెప్పలేదు, గొడవ పెట్టుకోలేదు. అవతలి టీమ్ వాళ్లు మాత్రం తమ టచ్‌లు తాము చెప్పుకుంటూనే పోయారు. కొన్నాళ్లకు ఒక గట్టి మ్యాచ్‌లో వాడు బ్లాక్ చేసి కింద కాలు మోపుతూనే చెయ్యెత్తాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. స్కోరు చెప్పేవాడు స్కోరు చెప్పాడు, బంతి సర్వీసుకు వెళ్లింది. నిజాయితీ గురించి ఎన్ని పాఠాలు చెప్పినా ఆ చెయ్యి అలా లేస్తుందని నాకు నమ్మకం లేదు. రోజూ అదే మనుషుల మధ్య నిలబడాల్సిన చోటు ఉంది కాబట్టి లేచింది.

రెండోది మా సెట్టర్ గురించి. ఆయన ప్లంబర్. ఆయన లేపే బంతులు కొట్టేవాళ్లలో ఒక పెద్ద ఆఫీసరు ఉన్నారు. బయట ఎదురుపడితే ఎవరు ఎవరికి దారివ్వాలో ఇద్దరికీ తెలుసు. కోర్టులో మాత్రం "సార్, మీరు ముందే ఎగిరిపోతున్నారు. బంతి నా చెయ్యి వదిలాక కదలండి" అని ఆయన గట్టిగా చెబుతాడు, ఈయన తలూపి వెనక్కి వెళ్లి మళ్లీ పరుగు తీసుకుంటారు. ఆ "సార్" అలాగే ఉంది, చెప్పేవాడు మాత్రం మారాడు. ఒక మనిషి పనితనానికి ఇంకో మనిషి తలవంచడం మనకు ఇంత తేలిగ్గా ఇంకెక్కడ జరుగుతుంది? పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చున్నా ఎవరి వరస వాళ్లదే. ఆఫీసుల్లో కౌంటర్ అడ్డం. ఆటలో మాత్రం ఒకరి బంతి ఇంకొకరికి తప్పనిసరిగా కావాలి.

ఇక ఆరోగ్యం. అందరికీ తెలిసిన విషయమే కాబట్టి ఎక్కువ సాగదీయను, ఒక్క మాట తప్ప. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒంటికి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2022 లెక్కల్లో పెద్దవాళ్లలో 31 శాతం, అంటే దాదాపు 180 కోట్ల మంది, ఆ కనీస స్థాయికి చేరలేదు. 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 2016 లెక్కల ప్రకారం ఏకంగా 81 శాతం చేరలేదు. ఇంతమంది ఒకేసారి బద్ధకస్తులైపోయారని అనుకోవడం నాకు చేతకాదు. "రోజూ నడవండి" అని డాక్టర్ రాసిచ్చిన మనిషి ఎక్కడ నడవాలి? ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద, బండ్ల మధ్యా? "ఫోన్ పక్కన పెట్టి బయటికెళ్లి ఆడుకో" అని కసిరించుకున్న పిల్లవాడు తలుపు తీసి ఎక్కడికి వెళ్లాలి? సలహా ఇచ్చేముందు చోటు ఉందో లేదో చూడాలి. చోటు లేకుండా ఇచ్చే సలహా, మనిషిని దోషిని చేయడానికే పనికొస్తుంది.

పిల్లల సంగతిలో ఐస్‌లాండ్ అనుభవం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. 1990లలో యూరప్ మొత్తంలో ఎక్కువగా తాగే టీనేజర్లలో అక్కడి పిల్లలూ ఉండేవాళ్లు. 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గత నెలలో తాగి మత్తులో పడ్డామని సర్వేలో చెప్పారు. రోజూ సిగరెట్ తాగేవాళ్లు 23 శాతం. 2016 నాటికి మొదటిది 5 శాతానికి, రెండోది 3 శాతానికి పడిపోయాయి. ఏం చేశారు? భయపెట్టే పోస్టర్ల మీద ఆశ వదులుకున్నారు. పిల్లలకు ఉత్సాహం, స్నేహం, ఏదో సాధించామన్న తృప్తి మత్తు నుంచి కాకుండా ఇంకెక్కడినుంచైనా దొరకాలి కదా అన్న ఆలోచనతో మొదలుపెట్టారు. ఆటల క్లబ్బులకు, సంగీతానికి, డాన్సుకు ప్రభుత్వ డబ్బు పెంచారు. రాజధాని రెక్యవిక్‌లో ఫీజు కట్టలేని కుటుంబాల పిల్లలు వెనకబడిపోకుండా ఒక్కో పిల్లకు, పిల్లవాడికి ఏటా ఇంత అని ఒక కార్డు ఇచ్చారు. వారానికి నాలుగుసార్లో అంతకంటే ఎక్కువో క్లబ్బుల్లో ఆటలాడే 15, 16 ఏళ్ల పిల్లలు 1997లో 24 శాతం ఉంటే 2012కి 42 శాతమయ్యారు.

ఇదంతా గ్రౌండ్ల మహిమే అని చెబితే మాత్రం అది నిజం కాదు. అదే కాలంలో పొగాకు, మద్యం అమ్మకాలకు వయసు పరిమితులు గట్టిపడ్డాయి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు చలికాలంలో రాత్రి పది తర్వాత బయట తిరగకూడదని నిబంధన ఉంది. తల్లిదండ్రులు పిల్లలతో గడిపే సమయం కూడా పెరిగింది. ఇవన్నీ కలిసి పనిచేశాయి. నేను పట్టుకున్న విషయం ఏంటంటే, "వద్దు" అన్న ప్రతిచోటా వాళ్లు "మరి ఇది చేయి" అని ఒక తలుపు తెరిచి పెట్టారు. రాత్రి పది తర్వాత బయట ఉండొద్దు అన్న దేశం, పదికి ముందు వెళ్లడానికి వేడిగా, వెలుతురుగా ఉండే హాలు కూడా కట్టింది. మనం మొదటి సగం మాత్రమే చేసి పిల్లలు మాట వినడం లేదని బాధపడుతుంటాం.

ఆ దేశమే తర్వాత 2016 యూరో ఫుట్‌బాల్‌లో ఇంగ్లండ్‌ను 2–1తో ఓడించింది. 2018 ప్రపంచకప్‌కు అర్హత సాధించి, అప్పటికి ఆ ఘనత సాధించిన అతి చిన్న దేశమైంది. అప్పటి జనాభా మూడున్నర లక్షలకు లోపే. మంచు కురిసినా పిల్లలు ఏడాది పొడవునా ఆడుకునేలా 2000 తర్వాత వరసగా కట్టుకుంటూ పోయిన ఇండోర్ హాళ్లు, ఊరూరా శిక్షణ పొందిన కోచ్‌లు దీని వెనక ఉన్నాయి. పతకాలు కావాలనేవాళ్లు కూడా ఇక్కడికే రావాలి.

అందరూ కలిసే చోటుకు ఉన్న బలం ఎంతటిదో, దాన్ని చూసి భయపడినవాళ్ల చరిత్ర చదివితే ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలో మోంట్‌గోమరీ నగరం, నల్లవాళ్లను కూడా పార్కుల్లోకి రానివ్వాలని కోర్టు చెప్పబోతోందని తెలిసి, 1959 మొదట్లో నగరంలోని పార్కులన్నీ మూసేసింది. ఓక్ పార్క్‌లోని స్విమ్మింగ్ పూల్‌ను మట్టితో పూడ్చేసింది. 1965లో పార్కులు మళ్లీ తెరిచినా ఆ పూల్ తిరిగి రాలేదు. మిసిసిపీలోని జాక్సన్ నగరం కూడా కలిసి ఈదడం కంటే ఎవరూ ఈదకపోవడమే మేలనుకుని తన పూల్స్ మూసేసింది. ఆ కేసు పామర్ వర్సెస్ థాంప్సన్ పేరుతో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971లో 5–4 తీర్పుతో, అందరికీ సమానంగా మూసేశారు కాబట్టి రాజ్యాంగం ప్రకారం తప్పులేదని కోర్టు చెప్పింది.

ఈ చరిత్ర చదివినప్పుడు నాకు కడుపు మండిపోయింది. తమ సొంత పిల్లలు ఎండాకాలంలో ఈదే పూల్‌ను తామే పూడ్చుకున్నారు. పక్కవాడి పిల్లతో ఒకే నీళ్లలో దిగాల్సి వస్తుందని! ఇది ఎక్కడో ఎప్పుడో జరిగిపోయిందని తీసిపారేయడానికి లేదు. మట్టి పోయనక్కర్లేదు, మెంబర్‌షిప్ ఫీజు పెంచితే చాలు. "బయటివాళ్లకు ప్రవేశం లేదు" అని గేటుకు బోర్డు తగిలిస్తే చాలు. పబ్లిక్ గ్రౌండ్ పాడైపోతుంటే పట్టించుకోకుండా, స్తోమత ఉన్నవాళ్లు తమ కాంపౌండు లోపల సొంత కోర్టు కట్టుకుంటే చాలు. ఫలితం దాదాపు అదే. పిల్లలు తమలాంటి పిల్లలతోనే ఆడుకుని పెద్దవుతారు.

గేటు బార్లా తెరిచి ఉన్నా రాలేనివాళ్లు ఇంకా ఉంటారు. వియన్నా నగరం 1990లలో తన పార్కులను పరిశీలిస్తే, తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు అక్కడ కనపడటం బాగా తగ్గిపోతోందని తేలింది. మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. ఆడపిల్లలకు ఆటలంటే ఇష్టం తగ్గిందా? లేదు. చోటంతా ఒకే పెద్ద ఖాళీగా, కంచె వేసిన ఒకే పెద్ద ఫుట్‌బాల్ కోర్టుగా ఉంటే, ముందు వచ్చి గట్టిగా అరిచేవాళ్లే దాన్నంతా ఆక్రమిస్తారు. వాళ్లతో తోసుకుని చోటు సంపాదించే ఓపిక ఆడపిల్లలకు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. నగరం ఏం చేసిందంటే, ఐన్‌సీడ్లర్ పార్క్ లాంటి చోట్ల స్థలాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసింది. వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు వేసింది. దారులు వెడల్పు చేసి, వెలుతురు పెంచి, కూర్చుని కబుర్లు చెప్పుకునే చోట్లు పెట్టింది. ఆడపిల్లలు మళ్లీ వచ్చారు.

నాకు తెలిసిన ప్రతి గ్రౌండ్‌లోనూ ఈ లెక్క వేసుకుంటాను. టాయిలెట్ లేదంటే ఆడవాళ్లు గంటకు మించి ఉండరు, చాలామంది అసలు రారు. గేటు దగ్గర మూడు మెట్లు ఉండి ర్యాంపు లేదంటే వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి ఆ గ్రౌండ్ లేనట్టే. మూలనున్న లైటు ఆర్నెల్లుగా వెలగడం లేదంటే చీకటి పడగానే సగం మంది వెళ్లిపోతారు. "అందరికీ తెరిచే ఉంది కదండీ, వాళ్లే రావట్లేదు" అని జవాబు చెప్పేస్తారు. రాని మనిషిని వెళ్లి ఎందుకు రావట్లేదని అడిగినప్పుడే గ్రౌండ్‌లో ఏం లోపించిందో తెలుస్తుంది.

దీనికంతటికీ డబ్బు కావాలి. అసలు చిక్కేమిటంటే, కట్టడానికి దొరికినంత తేలిగ్గా నడపడానికి డబ్బు దొరకదు. 2004 ఒలింపిక్స్ కోసం ఏథెన్స్‌లో పాత హెలినికాన్ విమానాశ్రయం స్థలంలో కట్టిన హాకీ, సాఫ్ట్‌బాల్ స్టేడియాలు పోటీలు అయిపోయాక ఏళ్ల తరబడి గడ్డి మొలిచి పడి ఉండిపోయాయి. శంకుస్థాపన రాయి మీద పేరు ఉంటుంది. వాచ్‌మన్ జీతం మీద, కరెంటు బిల్లు మీద, నెట్ చిరిగితే కొనే కొత్త నెట్ మీద ఎవరి పేరూ ఉండదు. అందుకే ఆ ఖర్చులు బడ్జెట్‌లో ఎప్పుడూ చివర్న మిగిలినదాంతో సరిపెట్టుకుంటాయి. నార్వే దీనికి ఒక స్థిరమైన దారి చూసుకుంది. ప్రభుత్వ లాటరీ, పందేల సంస్థ నోర్స్క్ టిప్పింగ్ మిగులులో 64 శాతం ఆటలకే పోతుంది. ఊళ్లలో హాళ్లు, మైదానాలు ఆ డబ్బు సాయంతో లేస్తాయి. పందేల డబ్బు అనేది నాకు అంతగా మింగుడుపడదు, కానీ ఏటా వస్తుందన్న భరోసా ఉంటే ఏం చేయగలరో అందులో కనిపిస్తుంది.

వాడుకునేవాళ్లే డబ్బు కడితే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పార్క్‌రన్ అని, శనివారం పొద్దున పార్కుల్లో ఎవరైనా ఉచితంగా ఐదు కిలోమీటర్లు పరిగెత్తే కార్యక్రమం ఒకటుంది. 2004లో లండన్ బుషీ పార్క్‌లో 13 మంది రన్నర్లతో మొదలై చాలా దేశాలకు పాకింది. 2016లో ఇంగ్లండ్‌లో స్టోక్ గిఫర్డ్ స్థానిక కౌన్సిల్, దారి పాడవుతోంది, మరమ్మతుకు రుసుము కట్టాలని తీర్మానించింది. నిర్వాహకులు ఉచితమన్న నియమం వదులుకోలేక అక్కడి పరుగునే ఆపేశారు. దారి అరుగుతోందన్న కౌన్సిల్ మాటలో అబద్ధం లేదు. అయినా నేను పరుగు పక్షమే. రుసుము ఎంత చిన్నదైనా, ఎవరికైతే ఆ చోటు అన్నింటికన్నా ఎక్కువ అవసరమో వాళ్లనే ముందు ఆపుతుంది. దారి మరమ్మతు అందరి పన్నుల్లోంచే రావాలి, లైబ్రరీకి వచ్చినట్టు.

డబ్బు లేని చోట మనుషుల శ్రమ కూడా పెట్టుబడే. నైరోబీలోని మథారే మురికివాడలో 1987లో మొదలైన యువజన క్రీడా సంఘం ఒక చక్కటి పద్ధతి పెట్టింది. ఫుట్‌బాల్ టీములు తమ వీధులు, కాలవలు శుభ్రం చేస్తే లీగ్ పట్టికలో పాయింట్లు వస్తాయి. మ్యాచ్ గెలిచినందుకు వచ్చే పాయింట్ల పక్కనే చెత్త ఎత్తినందుకు వచ్చిన పాయింట్లు! అక్కడి పిల్లలు బాగుచేసుకున్న చోటును ఎవరూ తేలిగ్గా పాడుచేయలేరు.

ఆపద వేళ గ్రౌండ్ ఏమవుతుందో కూడా చూశాం. 2011 భూకంపం, సునామీ తర్వాత జపాన్‌లో వేలమంది తలదాచుకున్నది బడుల జిమ్‌లలోనే. 2020లో కరోనా ముదిరినప్పుడు సావ్ పాలోలోని పకాయెంబు ఫుట్‌బాల్ స్టేడియం తాత్కాలిక ఆసుపత్రి అయింది. ఇక ఈతకొలను సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షల మంది, వాళ్లలో దాదాపు సగం 29 ఏళ్లలోపు వాళ్లే. ఈత నేర్చుకోవడానికి భద్రమైన నీళ్లు, నేర్పే మనిషి దగ్గర్లో ఉండటం విలాసం కిందికి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది స్థలం. ధర కట్టే కళ్లకు గ్రౌండ్ ఎప్పుడూ ఖాళీ స్థలంగానే కనిపిస్తుంది. భవనం కడితే పడగొట్టడానికి వెనకాడతారు, మైదానంలో పునాది తవ్వడానికి ఎవరూ వెనకాడరు. పైగా ఒకసారి పోయిన మైదానం తిరిగి రాదు. ఇళ్ల మధ్యలో అంత చోటు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? అందుకే మంచి మనసుల మీద ఆధారపడకుండా కాగితం మీద కట్టడి చేయాలి. బ్రిటన్‌లో 1936లో ఐదో జార్జి చనిపోయాక ఆయన జ్ఞాపకంగా దేశమంతటా 471 ఆటస్థలాలు ఏర్పరిచారు. విగ్రహం పెట్టి ఊరుకోకుండా ఆటస్థలాలు ఇవ్వడమే గొప్ప ఆలోచన. ఇంకా గొప్ప విషయం, అవి ఎప్పటికీ ఆటలకు, ప్రజల విశ్రాంతికే ఉండాలని ట్రస్టు పత్రాల్లో రాసిపెట్టడం. రాజు మీద అభిమానం ఉన్నా లేకపోయినా ఆ పత్రం ఈ రోజుకీ ఆ స్థలాలకు కాపలా కాస్తోంది.

కొత్త స్థలం దొరకని చోట కూడా ఒక మార్గం ఉంది. చాలా ప్రాంతాల్లో గ్రౌండ్లు ఉన్నాయి, తాళం వేసి ఉన్నాయి. బడి వదిలాక బడి మైదానానికి, ఆఫీసు మూసాక ఆఫీసు కోర్టుకు, సెలవు రోజుల్లో అన్నిటికీ. తాళం వేసేవాళ్ల భయమూ కొట్టిపారేయాల్సింది కాదు. ఎవరికన్నా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, కిటికీ అద్దం పగిలితే డబ్బు ఎవరు కట్టాలి, రాత్రి ఎవరు చూసుకోవాలి అని హెడ్మాస్టర్ అడిగితే ఆయన తప్పేమీ లేదు. సింగపూర్‌లో ప్రభుత్వం బడులతో ఒప్పందం చేసుకుని, బడి వేళలు కాని సమయంలో వాటి మైదానాలు, హాళ్లు ప్రజలకు తెరిపిస్తోంది. బాధ్యత హెడ్మాస్టర్ నెత్తిన వదిలేయకుండా క్రీడల శాఖ భుజానికెత్తుకుంటేనే ఇది నడుస్తుంది.

కాబట్టి మీ దగ్గర కొత్త స్టేడియం మాట వచ్చినప్పుడు ముందు ఈ ప్రశ్నలు అడగండి. ఉన్న గ్రౌండ్ గేటు ఎన్నింటికి తీస్తున్నారు, ఎన్నింటికి మూస్తున్నారు? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, ఆ మనిషి జీతం ఏ పద్దు కింద వస్తోంది? టాయిలెట్‌లో నీళ్లున్నాయా? ఎన్ని లైట్లు వెలుగుతున్నాయి? ఆ స్థలం రికార్డుల్లో ఆటస్థలంగా రాసి ఉందా, లేక ఖాళీ స్థలం అనా? చివరి ప్రశ్నకు జవాబు నోటిమాటగా ఒప్పుకోకండి, కాగితం నకలు తీసుకోండి.